గాలం, గట్టు, చట్టం: కావేరి మహసీర్ చుట్టూ ప్రవేశపు హక్కులు

(స్మారకోపన్యాస పాఠం)

తెలుగునాట నదుల మీద జరిగే చర్చ దాదాపు ఎప్పుడూ టీఎంసీలతో మొదలై టీఎంసీలతోనే ముగుస్తుంది. ఏ ఆనకట్టకు ఎంత నీరు, ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కులు, ట్రిబ్యునల్ ఎవరి వాటా ఎంతని తేల్చింది అన్న లెక్కలకు దొరికిన శ్రద్ధలో వందో వంతు కూడా, ఆ నది ఒడ్డుకు ఎవరు వెళ్లవచ్చు, వెళ్లినవారు అక్కడ ఏమి చేయవచ్చు అన్న ప్రశ్నకు దొరకలేదు. స్మారకోపన్యాసానికి ఇది చిన్న విషయమని కొందరికి తోచవచ్చు. నది ప్రజలదని అనడం తేలిక. ఆ మాటకు చట్టంలో ఏ మేరకు ఆధారం ఉందో తెలియాలంటే మాత్రం గాలపు కర్ర పట్టుకొని గట్టున నిలబడిన మనిషిని పరిశీలించడం మంచిది. అతడు రైతు కాడు కనుక నీటి వాటా అడగడు, బెస్తవాడు కాడు కనుక కులవృత్తి హక్కు చెప్పుకోలేడు. అయినా నది దగ్గర అతనికి పని ఉంది.

వినోదపు వేట అంటే చేపను అమ్ముకోవడానికో కూర వండుకోవడానికో కాక, పట్టడంలోని ఆనందం కోసం గాలంతో పట్టడం. పట్టిన చేపను తూచి, చూసి, మళ్లీ ప్రాణంతో నీటిలోకి వదిలేయడం ఇందులో ఇటీవలి కాలపు ఆచారం. ఈ వేట చుట్టూ ఎప్పుడూ రెండు ప్రశ్నలు పెనవేసుకొని ఉంటాయి. మొదటిది ప్రవేశం, అంటే గట్టు మీద, నీటిలో అడుగు పెట్టడానికి అనుమతి. రెండోది నిబంధన, అంటే ఏ నెలల్లో, ఏ పనిముట్టుతో, ఏ చేపను, ఎన్నింటిని పట్టవచ్చు అన్నది. ఈ రెండింటినీ వేర్వేరుగా చూసిన దేశాలు కొంత స్పష్టత సాధించాయి. ఇంగ్లండులో సముద్రపు పోటు చేరే మేర నదిలో వేట ప్రజల హక్కు. ఆ పైన గట్టు ఎవరిదో నదీగర్భం కూడా మధ్య గీత వరకు సాధారణంగా వారిదే, చేపలు పట్టే హక్కూ వారిదే. ప్రభుత్వం ఇచ్చే రాడ్ లైసెన్సు వేటకు అర్హతను ఇస్తుంది తప్ప గట్టును ఇవ్వదు. గట్టు కోసం యజమానినో, ఆయన దగ్గర కౌలుకు తీసుకున్న క్లబ్బునో అడగాలి. అమెరికాలోని మోంటానా రాష్ట్రం ఇందుకు విరుద్ధమైన దారి పట్టింది. 1984లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పుల ఆధారంగా 1985లో వచ్చిన చట్టం ప్రకారం, వినోదానికి పనికివచ్చే ఏ ప్రవాహంలోనైనా, నీరు మామూలుగా ఎక్కే ఎత్తు గీత వరకు, గట్టు ఎవరిదైనా సరే, ప్రజలు తిరగవచ్చు. అయితే ఆ నీటిని చేరడానికి మరొకరి పొలానికి అడ్డంపడి నడిచే హక్కు మాత్రం లేదు.

భారతదేశంలో పెద్ద నదుల గర్భం ప్రధానంగా ప్రభుత్వానిదే కనుక ఇక్కడ కాపలాదారు భూస్వామి కాడు, శాఖ. ఏ శాఖ అన్నదే చిక్కు. నీటికి నీటిపారుదల శాఖ, గట్టుకు రెవెన్యూ, చేపకు మత్స్యశాఖ, గట్టు వెనక చెట్లుంటే అటవీ శాఖ. రాజ్యాంగం చేపల వేటను రాష్ట్ర జాబితాలో 21వ అంశంగా చేర్చింది. హక్కు స్వభావం విషయంలో సుప్రీంకోర్టు 1955లోనే ఆనంద బెహరా కేసులో ఒక కీలకమైన మాట చెప్పింది. జమీందారు నుంచి చిలికా సరస్సులో చేపలు పట్టే హక్కు కొనుక్కున్నామని, ఎస్టేటు రద్దయినా ఆ హక్కు తమకే ఉండాలని వాదించిన జాలర్లకు కోర్టు ఇచ్చిన జవాబు ఏమిటంటే, ఇతరుల భూమి మీదికి వెళ్లి అక్కడి ఫలాన్ని తీసుకుపోయే హక్కు స్థిరాస్తితో సమానమనీ, దాన్ని నోటిమాటగా, రిజిస్ట్రేషను లేకుండా కొంటే చెల్లదనీ. పేదవాడి వలకు పట్టా భాష అంటగట్టిన తీర్పు అది. 1996లో కమల్‌నాథ్ కేసులో అదే కోర్టు మరో కొసను పట్టుకొంది. బియాస్ నది ఒడ్డున ఒక హోటలు కోసం నది దారిని మళ్లించిన సందర్భంలో, నదులు, అడవులు, సముద్రతీరం వంటి సహజ సంపదలకు ప్రభుత్వం యజమాని కాదనీ, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేననీ తేల్చింది. దీన్నే పబ్లిక్ ట్రస్ట్ సిద్ధాంతం అంటారు. ధర్మకర్త ఆస్తిని పాడుచేయరాదన్నది ఆ తీర్పు సారం. ఆస్తి దగ్గరికి లబ్ధిదారు ఎలా వెళ్లాలన్న విషయం ఆ కేసులో తేలవలసిన అవసరం రాలేదు. గాలపు కర్ర మనిషి ఈ ఖాళీలోనే నిలబడి ఉన్నాడు.

నిబంధనల చరిత్ర కొంత ముందునుంచే ఉంది. మద్రాసు సివిల్ సర్వీసులో దక్షిణ కనరా కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ది రాడ్ ఇన్ ఇండియా అనే పుస్తకాన్ని మంగళూరులో ప్రచురించాడు. ఫ్రాన్సిస్ డే భారత, బర్మా మంచినీటి చేపల మీద ప్రభుత్వానికిచ్చిన నివేదిక కూడా అదే సంవత్సరం వెలువడింది. ఒకరు వేట రుచి మరిగిన అధికారి, మరొకరు చేపల శాస్త్రవేత్త. ఇద్దరి ఫిర్యాదూ మాత్రం ఒకటే: నదిలో చేప పిల్లల్ని సైతం మిగల్చకుండా ఊడ్చేస్తున్నారని. వీరి కాలపు చర్చలోంచే 1897 నాటి భారత మత్స్య చట్టం పుట్టింది. నీటిలో తోటాలు పేల్చడం, విషం కలపడం ఆ చట్టం కింద నేరాలు. వీటికి నాడు పెట్టిన శిక్ష రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. నదికి అడ్డంగా కట్టే మావులు, కదలకుండా పాతిపెట్టే పనిముట్లు, వల కన్ను కొలత వంటి వాటి మీద నియమాలు చేసే అధికారం, ఒక నిర్దిష్టమైన నీటిలో రెండేళ్లకు మించకుండా వేటను పూర్తిగా ఆపే అధికారం రాష్ట్రానికి దక్కాయి. శతాబ్దం గడిచినా ఈ చట్రమే రాష్ట్రాల చట్టాలకు పునాదిగా నిలిచింది. కర్ణాటక 1996లో తన సొంత లోతట్టు మత్స్య చట్టం చేసుకొంది. 1897 చట్టం వినాశకరమైన పద్ధతుల మీద పెట్టిన చట్టం. వినోదం కోసం వచ్చేవాడిని అది విడిగా గుర్తించలేదు, గుర్తించాలని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆనాడు గాలపు కర్ర పట్టుకొనేవాడు తరచుగా ఆ చట్టం అమలు చేసే దొరే.

ఈ నేపథ్యంలో కావేరి కథ చూడాలి. కర్ణాటకలో శివనసముద్రం జలపాతాల దిగువన నది కొండల మధ్య లోయలోకి దిగి, భీమేశ్వరి, గాలిబోరె దాటి, అర్కావతి కలిసే సంగమం మీదుగా మేకెదాటు ఇరుకు రాతిగండిలోకి వెళ్తుంది. ఈ భాగంలో బండరాళ్ల మధ్య ఉరకలు, వాటి కింద లోతు మడుగులు. అలాంటి నీటిలో పెరిగే మహసీర్ జాతి చేపల్లో మూపురం వంటి ఎత్తయిన వీపు, నారింజ రంగు రెక్కలు ఉన్న రకం ప్రపంచంలో కావేరి పరీవాహకంలో తప్ప మరెక్కడా లేదు. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కుటుంబంలోని ఒకరు కావేరి ఉపనది కబినిలో గాలంతో పట్టిన మహసీర్ 120 పౌండ్లు, అంటే సుమారు 54 కిలోలు, తూగింది. స్వాతంత్ర్యం తరువాత కొంతకాలం ఈ చేప మాట మరుగున పడింది. 1970ల చివర విదేశీ వేటగాళ్లు వచ్చి కావేరిలో పెద్ద చేపలు ఇంకా ఉన్నాయని చాటడంతో పేరు మళ్లీ లేచింది. 1972లో బెంగళూరులో ఏర్పడిన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా నదిలో కొంత మేర కౌలుకు తీసుకొని కాపలా పెట్టింది. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి వద్ద శిబిరాలు నడిపింది.

ఆ శిబిరాల్లో వేట ఎలా సాగేదో కొంచెం దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే తరువాతి వాదమంతా ఆ వివరాల మీద ఆధారపడి ఉంది. రాగిపిండిని గట్టిగా ముద్ద కట్టి, ఉడకబెట్టి, నిమ్మకాయంత, ఒక్కోసారి అంతకంటే పెద్ద ఉండలు చేసి, గాలాన్ని ఆ ఉండలో దాచి, బండల పక్కన లోతు నీటిలోకి విసిరేవారు; కొందరు పీతను ఎరగా పెట్టేవారు. చేప తగిలాక అది ప్రవాహం వెంట ఉరికితే, ఒడ్డున నిలబడి లాగడం పని చేయదు. దాని వెంట పుట్టి వేసుకొని పోవాలి. ఆ పుట్టి నడిపేవాడు, ఏ బండ కింద దారం తెగుతుందో తెలిసినవాడు, స్థానిక గ్రామస్థుడు. వారిలో కొందరు అంతకుముందు వలలతో, తోటాలతో దొంగతనంగా చేపలు పట్టినవారే. వారిని దారిచూపేవారిగా, కాపలాదారులుగా మార్చింది నెల జీతం. పట్టిన చేపను తూచి, ఫొటో తీసి, ప్రవాహానికి ఎదురుగా నీటిలో పట్టుకొని, అది తేరుకొని తోక ఆడించాక వదిలేవారు. సాయంత్రం శిబిరంలోని పుస్తకంలో ఎన్ని గంటలు వేట సాగింది, ఎన్ని చేపలు దొరికాయి, ఒక్కొక్కటి ఎంత బరువు అన్న వివరాలు ఎక్కేవి. ఏ శాస్త్రవేత్తా అడగకుండానే ఏళ్ల తరబడి పేరుకొన్న ఆ పుస్తకాలే తరువాత ఈ నది తరఫున పలికిన ఏకైక సాక్షి అయ్యాయి.

ఈ ప్రాంతాన్ని 1987లో కావేరి వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యం అంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ప్రత్యేక రక్షణ పొందిన ప్రాంతం. అందులోకి ఎవరు ప్రవేశించవచ్చో 27వ సెక్షను పరిమితం చేస్తుంది. అధ్యయనం, ఫొటోగ్రఫీ, పర్యాటకం వంటి పనుల కోసం అనుమతి పత్రం ఇవ్వవచ్చని 28వ సెక్షను చెబుతుంది. లోపలి వన్యజీవాన్ని నాశనం చేయడం, వాడుకోవడం, తీసుకుపోవడం నిషేధమని 29వ సెక్షను అంటుంది. 2002 సవరణ జంతువు నిర్వచనంలోకి చేపలను కూడా తెచ్చింది. పట్టుకోవడం కూడా వేట నిర్వచనంలో భాగమే కనుక, వదిలేసినా సరే పట్టడం పట్టడమేనన్న వాదన బలపడి, రక్షిత ప్రాంతాల్లో గాలపు వేట తగదన్న అభిప్రాయం కేంద్ర స్థాయిలో స్థిరపడింది. 2012 నాటికి కావేరి శిబిరాల్లో గాలాలు పక్కకు పెట్టేశారు. శిబిరాలు పక్షులు చూసే, పుట్టిలో తిరిగే విడిదులుగా కొనసాగాయి.

అక్షరం పట్టుకొని చూస్తే ఈ నిర్ణయంలో తప్పు లేదు. అభయారణ్యంలో జింకను పట్టి, తూచి, వదిలేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. చేపకు వేరే న్యాయం ఎందుకన్న ప్రశ్న గౌరవించదగినదే. అయితే చట్టం అమలు ఎవరిని ఆపిందో, ఎవరిని ఆపలేదో కూడా చూడాలి. అనుమతి పత్రం తీసుకొని, డబ్బు కట్టి, పగటి వెలుతురులో వచ్చేవాడే నిషేధానికి లోబడతాడు. రాత్రి తోటా పేల్చేవాడికి ఏ పత్రంతోనూ పని లేదు, అతని మీద 1897 నుంచీ నిషేధం ఉండనే ఉంది. ఆనకట్టకు శిబిరపు నిబంధనలు వర్తించవు: వర్షాకాలపు వరదకు ఎదురీది పైకి పోయి గుడ్లు పెట్టే ఈ చేపకు ఎగువన కృష్ణరాజసాగరం, దిగువన 1934లో పూర్తయిన మెట్టూరు అడ్డం. ఇక మేకెదాటు వద్ద ప్రతిపాదనలో ఉన్న 67 టీఎంసీల జలాశయం కడితే, ఏ గట్టు మీద ఎవరు నిలబడవచ్చన్న చర్చే అక్కరలేదు, గట్టు నీటి కిందికి పోతుంది.

శిబిరపు పుస్తకాలు బయటపెట్టిన విషయం మరింత గట్టిది. 1998 నుంచి 2012 వరకు గాలిబోరె శిబిరంలో నమోదైన లెక్కలను ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్, రాబర్ట్ బ్రిటన్ విశ్లేషించి 2015లో ప్రచురించారు. ఆ పదిహేనేళ్లలో 23,620 గంటల వేటకు 6,161 మహసీర్లు దొరికి, తిరిగి నీటిలోకి వెళ్లాయి. వాటిలో అతిపెద్దది 46.8 కిలోలు. పైకి ఇది శుభవార్త, ఎందుకంటే ఏటేటా దొరికే చేపల సంఖ్య పెరిగింది. సగటు బరువు మాత్రం తగ్గింది. రకాలను విడదీసి చూస్తే అసలు సంగతి తెలిసింది: పెరిగింది నీలిరెక్కల మహసీర్, తరిగిపోతున్నది మూపురపు మహసీర్. నీలిరెక్కల రకం కావేరిది కాదు. అది 1839లో సైక్స్ పుణె దగ్గరి నీటి నుంచి వర్ణించిన జాతి, అంటే భీమా నది ద్వారా కృష్ణలో కలిసే నీళ్లది. మహారాష్ట్రలోని లోణావళాలో టాటా విద్యుత్ సంస్థ నడిపిన కేంద్రంలో దాని పిల్లలను పెద్ద సంఖ్యలో పెంచి, మహసీర్‌ను కాపాడాలన్న సదుద్దేశంతోనే దేశంలోని పలు నదుల్లో వదిలారు. కావేరిలో వదిలిన పిల్లలు స్థిరపడ్డాయి. తెలుగువారి కృష్ణా పరీవాహకపు చేప, సంరక్షణ పేరుతోనే, పక్క నదిలోని సొంత చేప చోటును ఆక్రమించింది. ఏ శాఖ దస్త్రమూ ఈ మార్పును పట్టుకోలేదు. పట్టుకొన్నది సెలవులకు వచ్చిన గాలగాళ్లు రాసిపెట్టిన పుస్తకం.

ఇంకా విచిత్రమేమిటంటే, శతాబ్దం పైగా ప్రపంచమంతా కీర్తించిన ఆ మూపురపు చేపకు 2018 దాకా శాస్త్రంలో స్థిరమైన పేరే లేదు. దాన్ని కేరళలోని పాంబార్ నది నుంచి అంతకుముందు వర్ణించిన టోర్ రెమాదేవీగా 2018లో గుర్తించారు, అదే ఏడాది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అయితే అప్పటికే గాలిబోరెలో పుస్తకం మూతపడి ఆరేళ్లయింది. ప్రవేశం మీద పెట్టే నియమం, లోపల ఏమి జరుగుతున్నదో చూసే కళ్లు ఎన్ని ఉండాలో కూడా నిర్ణయిస్తుందన్న విషయాన్ని ఈ వరుస నిరూపిస్తుంది. కావేరిలో నిషేధం గాలాన్ని ఆపింది, దానితోపాటు లెక్కనూ ఆపింది.

దీని అర్థం పాత ఏర్పాటు న్యాయమైనదని కాదు. ఆ శిబిరాలు ప్రజల నదిని ప్రజలకు తెరవలేదు, డబ్బు కట్టగలిగినవారికి తెరిచాయి. విదేశీ అతిథి రాగిముద్దతో పట్టి వదిలిన చేపనే, పక్క ఊరి మనిషి వలతో పట్టి ఇంటికి తీసుకుపోతే నేరస్థుడు. సరదాగా పట్టినవాడికి మర్యాద, తినడానికి పట్టినవాడికి కేసు అన్న తేడా ఏ ధర్మకర్త సిద్ధాంతానికీ ఒదగదు. గాలపు వేట సమర్థకులు ఈ విషయం వచ్చినప్పుడు గొంతు తగ్గిస్తారు; తగ్గించకూడదు. పుట్టి నడిపినవాడికి జీతం ఇచ్చామన్నది మంచి జవాబే గాని, పూర్తి జవాబు కాదు.

అభయారణ్యం వెలుపల మరో నమూనా నడిచింది. కొడగు జిల్లాలో వాల్నూరు వద్ద కావేరి భాగాన్ని కూర్గ్ వైల్డ్‌లైఫ్ సొసైటీ చూసుకొంటూ, రుసుము మీద గాలపు వేటకు అనుమతులిచ్చింది. కావేరిలో నీలిరెక్కల మహసీర్ మీద 2016లో వెలువడిన ఒక అధ్యయనం, జాగ్రత్తగా పట్టి వెంటనే వదిలిన చేప సాధారణంగా తట్టుకొని బతుకుతుందని చూపింది. ఇక్కడ జాగ్రత్త అన్న మాటకే బరువు ఎక్కువ. గాలానికి వెనక ముల్లు లేకపోతే చేప నోరు చిరగకుండా ఊడుతుంది. గాలిలో గడిచే ప్రతి నిమిషమూ చేపకు ప్రమాదం కనుక ఫొటో కోసం ఎత్తి పట్టుకొని నిలబడటం కంటే నీటిలోనే కొలవడం మేలు. నీరు వెచ్చబడి, తరిగిన వేసవి మధ్యలో చేప త్వరగా అలసిపోతుంది కనుక ఆ వారాల్లో గాలం వేయకపోవడం మంచిది, గుడ్లు పెట్టే వర్షాకాలంలో అసలే వేయరాదు. ఇంగ్లండు నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు సాల్మన్, ట్రౌట్ కాని నదీ చేపల వేట ఆపడం వెనక ఉన్నది ఇదే ఆలోచన. తేదీలు మాత్రం ఆ దేశపు చేపలవి, మన నదికి మన చేప గుడ్లు పెట్టే నెలలే కొలత.

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ పరాయిది కాదు. శ్రీశైలం నుంచి సాగరం దాకా కృష్ణ నల్లమల లోయలో పారే చోట ఒక గట్టున తెలంగాణ అమ్రాబాద్ పులుల అభయారణ్యం, మరో గట్టున ఆంధ్రప్రదేశ్ నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్నాయి. నది మధ్య గీత రాష్ట్రాల సరిహద్దు. మేకెదాటు దిగువన కావేరి కర్ణాటక, తమిళనాడు మధ్య సరిహద్దుగా మారే చోట ఉన్న చిక్కే ఇక్కడా ఉంది: చేపకు ఒకటే నది, మనిషికి రెండు శాఖలు. పాపికొండల్లో గోదావరి 2008లో ప్రకటించిన జాతీయ ఉద్యానవనం గుండా పారుతుంది. అక్కడ లాంచీల్లో పర్యాటకులు తిరుగుతారు, ఒడ్డున కొండరెడ్లు తరతరాలుగా చేపలు పట్టుకొని బతుకుతున్నారు. ఒకే నీటిలో చూడటానికి వచ్చినవాడికి టికెట్టు, తినడానికి పట్టేవాడికి సందిగ్ధం. పెద్ద జలాశయాల్లో మత్స్యకారులకు లైసెన్సు పద్ధతి ఉంది, చెరువులు సహకార సంఘాల చేతిలో ఉన్నాయి. సెలవు రోజున గాలం పట్టుకొని వచ్చే పట్టణవాసి పెరుగుతున్నాడు, అతడు ఎవరిని అడగాలో చెప్పే బోర్డు మాత్రం ఏ గట్టు మీదా కనబడదు. అడిగేవాడు లేక కొందరు, అడగబోయి విసిగి కొందరు, నియమం లేకుండానే వేటాడుతున్నారు.

మొదట కావలసింది నిషేధమూ కాదు, స్వేచ్ఛా కాదు, ఒక రిజిస్టరు. ప్రతి రేవులో, ప్రతి జలాశయం గట్టున, లైసెన్సున్న మత్స్యకారుడైనా, సెలవుకు వచ్చిన గాలగాడైనా, ఎన్ని గంటలు పట్టాడో, ఏ చేప దొరికిందో, ఎంత బరువో, వదిలాడో తీసుకుపోయాడో రాసే పుస్తకం ఉండాలి. అది ఎవరైనా తెరిచి చూడగలిగేలా ఉండాలి. బెస్తలు, గంగపుత్రులు, ముదిరాజులు, కొండరెడ్లు ఏ చేప ఏ నెలలో తగ్గిందో ఇప్పటికే ఎరుగుదురు. ఆ తెలివి కాగితం మీదికి రావడానికి వారికి చెల్లింపు ఉండాలి. గాలపు వేటకు రుసుము పెడితే అందులో ఒక వాటా ఆ రేవు గ్రామానికే చేరాలి. రక్షిత ప్రాంతాల లోపల గాలం అక్కరలేదని నిర్ణయిస్తే నిర్ణయించవచ్చు, అప్పుడు ఆ చేపలను ఎవరు, ఏ పద్ధతిలో లెక్కిస్తారో అదే ఉత్తర్వులో రాయాలి. ఈ సభలో మత్స్యశాఖ, అటవీశాఖ అధికారులు, విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర అధ్యాపకులు ఉన్నారు. కృష్ణా గట్టున ఒక రేవుతో, గోదావరి గట్టున ఒక రేవుతో ఈ వర్షాకాలం వెళ్లాక ఆ పుస్తకం తెరవడానికి కొత్త చట్టం అవసరం లేదు, ఉన్న అధికారం చాలు. దయచేసి తెరవండి.